బువ్వ ముచ్చట్లు - 6: మా బిడ్డకు గుడ్డు పడదు



"అక్కా, ఈ వారం రాజకీయం రాయి" అని కొందరు విద్యార్థులు అడిగారు. రాజకీయమే రాస్తున్నాను. ఏడో నెల పసిపిల్ల నోటికి అందే మొదటి ముద్ద గురించి.

తెలుగులో "పడదు" అనే మాట ఎన్ని పనులు చేస్తుందో చూడండి. వాళ్ళిద్దరికీ పడదు. ఆమెకు వంకాయ పడదు. మాకు ఆ వాసన పడదు. మొదటిది మనుషుల మధ్య పొసగకపోవడం. రెండోది ఒంటికి సరిపడకపోవడం, డాక్టర్లు దీన్నే అలర్జీ అంటారు. మూడోది పైకి రెండోదానిలాగే కనిపిస్తుంది కానీ మన దేశంలో చాలాసార్లు అది మొదటిదే. ముక్కు పేరు చెప్పి కులం మాట్లాడుతుంది. ఒళ్ళు చెప్పే "పడదు"నూ, కులం చెప్పే "పడదు"నూ విడదీసి చూడకపోతే నష్టపోయేది పసిపిల్లల కంచమే. ఈ వారం ముచ్చట అదే.

ఆరు నెలల దాకా బిడ్డకు తల్లిపాలు చాలు, మంచినీళ్ళు కూడా అక్కర్లేదు. ఆ తర్వాత పాలు ఆపకుండానే బువ్వ మొదలుపెట్టాలి. తల్లి కడుపులో ఉన్నప్పుడు కూడబెట్టుకున్న ఇనుము ఆరో నెలకు దాదాపు అయిపోతుంది. తల్లిపాలలో ఇనుము చాలా తక్కువ. ఇంతవరకు అన్ని కులాల పిల్లలకూ ఒకటే లెక్క. ఆ బువ్వ ఎవరు పెడతారు, ఎప్పుడు పెడతారు, అందులో ఏముంటుంది అనే దగ్గర లెక్క మారిపోతుంది.

నేను తెలుగు సాహిత్యం చదువుకున్నదాన్ని, తెలుగు పాఠం చెప్పి బతుకుతున్నదాన్ని. మన భాషలో గొప్ప విద్యలన్నీ "ఉగ్గుపాలతో" వస్తాయి. తల్లి ప్రేమ "గోరుముద్ద"లో కనిపిస్తుంది. ఆ గోరుముద్ద తినిపించే తల్లికి సాయంత్రం తీరిక ఉంటుంది, కూర్చోవడానికి అరుగు ఉంటుంది, గిన్నెలో నెయ్యి ఉంటుంది. మా అమ్మకు ఆ సాయంత్రం లేదు. హుజూరాబాద్ చుట్టూ కాకతీయ కాలువ కింద వరి, విత్తనాల కంపెనీలకు వేసే ఆడ మగ వరి, జమ్మికుంట వైపు పోతే పత్తి. పొద్దు పొడవకముందే పొలం బాట పడితే చీకటి పడ్డాకే ఇల్లు. నాకు ఆరో నెల నిండింది నాట్లప్పుడే. పాల కోసం గట్టు మీద చెట్టుకు చీరతో కట్టిన తొట్టెల, బువ్వ తినిపించడానికి ఎనిమిదేళ్ళ మా పెద్దక్క. అక్క బడి మానింది అప్పుడే. నేను తిన్న మొదటి ముద్ద వెనక మా అక్క మూడో తరగతి ఉంది.

అక్క పెట్టింది మెత్తగా పిసికిన మక్క గట్క, పెసరపప్పు కట్టు, ఇంట్లో కూర వండిన రోజు బొక్కల చారు. అన్నప్రాసన అనే మాట నా చిన్నప్పుడు మా వాడలో వినలేదు. ఇప్పుడు మనవాళ్ళూ చేస్తున్నారు, అంగన్‌వాడీల్లోనూ అన్నప్రాసన రోజు జరుపుతున్నారు. పిల్ల ముందు పుస్తకం, పెన్ను, బంగారం పెట్టి ఏది పట్టుకుంటుందో చూస్తారు. ఆ వేడుక మీద నాకు కోపం లేదు. నా ప్రశ్న మరుసటి రోజు గురించి. ఆ రోజు గిన్నెలో ఏముంది?

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో ఆరు నెలల నుంచి ఐదేళ్ళ లోపు పిల్లల్లో నూటికి 70 మందికి రక్తహీనత ఉంది. అంతకుముందు 2015-16 సర్వేలో ఇది 60.7. తగ్గాల్సింది పెరిగింది. వయసుకు తగ్గ ఎత్తు లేని పిల్లలు 28 శాతం నుంచి 33 శాతానికి చేరారు. దేశం మొత్తం మీద ఆరు నెలల నుంచి రెండేళ్ళ లోపు పిల్లల్లో సరిపడా తిండి అందుతున్నది నూటికి 11 మందికే. పేదరికం ఒక కారణం. గిన్నెలో తెల్లన్నం, నీళ్ళ పప్పు తప్ప ఇంకేమీ లేకపోవడం ఇంకో కారణం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ఇచ్చిన మార్గదర్శకాలు ఈ వయసు పిల్లలకు రోజూ మాంసమో, చేపో, గుడ్డో పెట్టాలని చెబుతున్నాయి. పప్పులు, గింజలు తరచుగా ఉండాలంటున్నాయి. మన ఇళ్ళకు ఇవి కొత్తవి కావు. కార్జం, నల్ల, తునకలు, బొక్కల చారు, పల్లీలు. అంబేద్కర్ 1948లో అచ్చయిన "ది అన్‌టచబుల్స్"లో అంటరానితనం పుట్టుకను గొడ్డు మాంసం తినడంతో ముడిపెట్టి వివరించారు. ఏ కూర తిన్నామని మనల్ని ఊరి బయట ఉంచారో, ఆ కూరలోని ఇనుమే ఈ పసిపిల్లల ఒంట్లో లేదు.

అయితే మన తిండి గొప్పదని చెప్పుకుని ఊరుకుంటే సరిపోదు. మన ఇళ్ళలో పెద్దవాళ్ళకు కూర ఉన్న రోజు కూడా పసిపిల్లకు పెట్టరు. "గుడ్డు వేడి చేస్తది." "కూర పెడితే నాలుక మందమై మాటలు రావు." ఇవన్నీ మా ఇంట్లో నేను విన్నవే. పిల్ల బక్కగా అయితే దిష్టి తగిలిందని గుడ్డు తెచ్చి తల చుట్టూ తిప్పి మూడు బాటల కాడ పగలగొడతాం. పిల్ల బక్కగా అయ్యిందే ఆ గుడ్డు కడుపులోకి పోక.

భయంతో ఆపడం మనకు మాత్రమే ఉన్న అలవాటు అనుకోకండి. 2000 సంవత్సరంలో అమెరికా పిల్లల వైద్యుల సంఘం, అలర్జీ ముప్పు ఎక్కువున్న పిల్లలకు గుడ్డు రెండేళ్ళ దాకా, పల్లీలు మూడేళ్ళ దాకా పెట్టొద్దని చెప్పింది. దానివల్ల అలర్జీలు తగ్గుతాయనడానికి ఆధారం కనిపించక 2008లో ఆ సలహా వెనక్కి తీసుకుంది. 2015లో లండన్ పరిశోధకులు లీప్ అనే అధ్యయనం ఫలితాలు ప్రకటించారు. ముప్పు ఎక్కువున్న 640 మంది పసిపిల్లలను రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు మొదటి ఏడాదిలోనే పల్లీలు ఏదో రూపంలో పెట్టారు, రెండో గుంపుకు ఐదేళ్ళు వచ్చేదాకా పెట్టలేదు. పల్లీలకు దూరంగా ఉంచిన పిల్లల్లో నూటికి 17 మందికి పల్లీ అలర్జీ వచ్చింది. తిన్న పిల్లల్లో నూటికి ముగ్గురికే. ఆపితే మేలు అనుకున్నచోట ఆపడమే ముప్పు పెంచింది.

ఇప్పుడు మా ఇంటి ముచ్చట.

నాకు 180 రోజుల ప్రసూతి సెలవు దొరికింది. మా బిడ్డ బువ్వ మొదలుపెట్టే నాటికి సెలవు అయిపోయింది. బిడ్డను చూసుకోవడానికి అమ్మ నాట్లు మానుకుని హుజూరాబాద్‌లో మా అద్దె ఇంటికి వచ్చింది. ఇంటి ఓనరమ్మ మంచిదే, బిడ్డను ఎత్తుకునేది. ఒకరోజు మెట్ల మీద ఆపి చెప్పింది: "మేడమ్, బయట మీరేమన్న తినుండ్రి. ఇంట్ల మాత్రం గుడ్డు ఉడకబెట్టకుండ్రి. ఆ వాసన మాకు పడదు."

"డాక్టరుకు చూపెట్టుకున్నరా?" అని అడిగాను.

ఆమెకు అర్థం కాలేదు. లేకపోతే బాగానే అర్థమయింది. నెలాఖరుకు ఇల్లు మారాం.

కొత్త ఇంట్లో గుడ్డు పెట్టడం మొదలుపెట్టాం. అమ్మవాళ్ళ వాడ అంగన్‌వాడీలో బిడ్డ పేరు రాయించాను. అక్కడి టీచరమ్మ అమ్మకు ఒక పద్ధతి చెప్పింది. కొత్తది ఒక్కటే పెట్టాలి. పొద్దటి పూటే పెట్టాలి. బఠాణీ గింజంత పెట్టాలి. రెండు మూడు రోజులు ఇంకో కొత్తది పెట్టొద్దు. మేం అట్లనే చేశాం. గట్టిగా ఉడికిన గుడ్డులో పచ్చసొన మూడు రోజులు పెట్టాం, ఏమీ కాలేదు. నాలుగో పొద్దున తెల్లసొన చిటికెడు పెట్టాం.

ఇరవై నిమిషాల్లో గదవ కింద ఎర్రటి దద్దుర్లు లేచాయి. అవి మెడకు, పొట్టకు పాకాయి. పెదవి వాచింది. రెండుసార్లు కక్కింది. ఆటోలో ఆసుపత్రికి పోయాం. డాక్టరు చూడగానే "ఏం పెట్టిండ్రు?" అన్నాడు. మా దగ్గర జవాబు ఉంది. ఒకే మాట: తెల్లసొన. ఇంజెక్షన్ ఇచ్చి, గంటల తరబడి కళ్ళ ముందే ఉంచుకుని పంపారు. తర్వాత కరీంనగర్‌లో పిల్లల డాక్టరు పరీక్ష చేసి గుడ్డు అలర్జీ అని తేల్చాడు. ప్రస్తుతం గుడ్డు ఆపమన్నాడు. చాలామంది పిల్లలకు బడి వయసు నాటికి ఇది పోతుందని, మళ్ళీ పెట్టి చూడడం మాత్రం ఇంట్లో చేయొద్దని, డాక్టరు దగ్గరే చేయాలని చెప్పాడు. కోడి కూర మామూలుగా పెట్టొచ్చన్నాడు. తొమ్మిదో నెల ఎంఆర్ టీకా ఆపొద్దని, గుడ్డు అలర్జీ ఉన్న పిల్లలకు కూడా అది వేయించవచ్చని గట్టిగా చెప్పాడు.

ఇంటికొచ్చాక అమ్మ దిష్టి తీస్తానంది. గుడ్డుతో మాత్రం వద్దమ్మా అన్నాను. ఉప్పు, మిరపకాయలతో తీసింది.

కాలేజీలో ముచ్చట తెలిసింది. స్టాఫ్ రూంలో ఒక పెద్దాయన జాలిగానే అన్నాడు: "చూసిండ్రా మేడమ్, ప్రకృతే చెప్తంది. పసిపిల్లలకు సాత్విక ఆహారమే మంచిది."

"సార్, మీ మనవడికి ఆవుపాలు పడలేదని సోయా పాలు పడుతున్నరని మొన్న మీరే అన్నరు. మరి ప్రకృతి పాల గురించి ఏం చెప్పినట్టు?" అన్నాను.

ఈ ప్రశ్న మీరు కూడా దగ్గర పెట్టుకోండి. పసిపిల్లలకు ఎక్కువగా పడని తిండ్లలో ఆవుపాలు ముందు వరుసలో ఉంటాయి. గోధుమ ఉంటుంది. పల్లీ, నువ్వులు, సోయా, జీడిపప్పు లాంటి గింజలు, చేప, రొయ్య ఉంటాయి. గుడ్డు అందులో ఒకటి. పాలు పడని పిల్లలున్నారని దేశంలో ఎవరూ పాలను అంగన్‌వాడీ నుంచి తీసేయమనరు. గోధుమను అపవిత్రం అనరు. గుడ్డు దగ్గరికి వచ్చేసరికే ఒళ్ళు, ఆరోగ్యం, ప్రకృతి గుర్తుకొస్తాయి. 2015లో మధ్యప్రదేశ్ ప్రభుత్వం అంగన్‌వాడీల్లో గుడ్డు పెట్టే ప్రతిపాదనను కాదంది. 2021 డిసెంబర్‌లో కర్ణాటక ఉత్తర జిల్లాల బడుల్లో గుడ్డు మొదలుపెడితే కొన్ని మఠాలు వ్యతిరేకించాయి. అప్పుడు గంగావతిలో ఒక బడిపిల్ల కెమెరా ముందు నిలబడి స్వాములను నిలదీసిన వీడియో మీలో చాలామంది చూసే ఉంటారు. అక్కడ ఏ పిల్ల ఒంటి మీదా దద్దుర్లు లేవలేదు. "పడదు" అన్నది ఆ పిల్లలు కాదు.

నాకు ఎక్కువ ఆలోచన పెట్టించిన మాట మాత్రం మనవాళ్ళ నుంచే వచ్చింది. అంగన్‌వాడీ గుడ్ల మీద మేం పెట్టుకున్న ఒక చిన్న మీటింగ్‌లో మా బిడ్డ సంగతి చెప్పాను. ఒక తమ్ముడు పక్కకు పిలిచి, "అక్కా, ఇది బయట చెప్పకు, వాళ్ళకు ఆయుధమైతది" అన్నాడు. ప్రేమతోనే అన్నాడు. అయినా నేను ఒప్పుకోలేదు. మన పిల్లలను ప్రభుత్వం ఎప్పుడూ గుంపుగానే లెక్కపెడుతుంది. ఇన్ని గుడ్లు, ఇన్ని ప్యాకెట్లు, ఇంతమంది లబ్ధిదారులు. ఆ గుంపులో ఒక పిల్ల ఒళ్ళు వేరుగా ఉంటే దాన్ని దాచిపెట్టాలంటే మనం కూడా ఆ లెక్కనే ఒప్పుకున్నట్టు. ఇది తన ఒంటికి పడదు అని చెప్పుకునే హక్కు దళిత పిల్లకూ ఉంది. అది చెప్పినందుకు పక్క పిల్ల గుడ్డు పోకూడదు. రెండూ ఒకేసారి అడగాలి.

ఆ తమ్ముడి భయం వెనక ఒక లెక్క కూడా చూడాలి. అమెరికా, బ్రిటన్‌లతో పోలిస్తే మన దగ్గర తిండి అలర్జీలు తక్కువ. బెంగళూరు, మైసూరు ప్రాంతాల బడిపిల్లల మీద జరిగిన అధ్యయనంలో అలాంటి పిల్లలు వెయ్యిలో ఒకరిద్దరే తేలారు. మా బిడ్డ ఆ కొద్దిమందిలో ఉంది. మిగతా వందల మందికి గుడ్డు మందులాంటిది.

అసలు ప్రమాదం ఎక్కడుందంటే, పడకపోవడం కానిదాన్ని కూడా పడలేదు అనుకోవడంలో ఉంది. బువ్వ మొదలుపెట్టిన వారంలో పిల్లకు విరేచనాలు అయితే "గుడ్డు పడలేదు" అని ఆపేస్తాం. చాలాసార్లు కారణం గుడ్డు కాదు. మురికి కాలువ పక్కనుంచి వచ్చే నల్లా నీళ్ళు, మూత లేని గిన్నె, పొలం నుంచి వచ్చి సబ్బు లేకుండా కడుక్కున్న చేతులు. తప్పు నీళ్ళది, శిక్ష గుడ్డుకు. నల్లా గురించి మున్సిపాలిటీని అడగాల్సింది పోయి పిల్ల కంచంలోంచి మనమే ఒకటి తీసేస్తాం. టమాటా, చింతపండు రసం తగిలి మూతి చుట్టూ కాస్త ఎర్రబడితే అదీ చాలాసార్లు అలర్జీ కాదు, తుడిస్తే కాసేపటికి తగ్గిపోతుంది.

మరి అలర్జీ ఎట్లా ఉంటుంది? తిన్న కొద్ది నిమిషాల నుంచి రెండు గంటల లోపు ఒంటి మీద దురద దద్దుర్లు, పెదవులు, కనురెప్పలు వాయడం, వెంటవెంటనే కక్కడం. పిల్లకు దమ్ము ఆడకపోయినా, గొంతు బొంగురుపోయినా, పాలిపోయి మెత్తగా వాలిపోయినా ఒక్క నిమిషం ఆగొద్దు, 108కు ఫోన్ చేయండి. అది ప్రాణం మీదికి వచ్చే అలర్జీ. దానికి మందు ఆసుపత్రిలో ఇచ్చే అడ్రినలిన్ ఇంజెక్షన్. పసరు, అంత్రం, మంత్రం ఏదీ పనిచేయదు.

టీచరమ్మ చెప్పిన పద్ధతి ఎందుకు గొప్పదో ఇప్పుడు చూడండి. ఏడో నెల నుంచి మూడేళ్ళ దాకా మన అంగన్‌వాడీ పిల్లలకు నెలకు రెండున్నర కిలోల బాలామృతం, 16 గుడ్లు ఇవ్వాలి. బాలామృతంలో వేయించిన గోధుమ, శనగపప్పు, పాలపొడి, చక్కెర, నూనె ఉంటాయి. పిల్ల మొదటి తిండే అది అయితే, దద్దుర్లు వచ్చినప్పుడు కారణం గోధుమా, పాలా, శనగనా ఎట్లా చెప్పగలం? అందుకే ముందు ఇంట్లో బియ్యం జావ, పెసరపప్పు, గోధుమ రవ్వ, పెరుగు, గుడ్డు, పల్లీ పొడి, చేప ఒక్కొక్కటిగా రుచి చూపించాలి. ఒక్కోదానికి రెండు మూడు రోజులు. పడిందాన్ని వారంలో కొన్నిసార్లు పెడుతూ ఉండాలి, ఒకసారి పెట్టి మరిచిపోతే లాభం లేదు. పల్లీలు గింజలుగా పెట్టొద్దు, గొంతుకు అడ్డం పడతాయి. మెత్తగా పొడి చేసి జావలో కలపాలి. ఏడాది లోపు తేనె నాకించొద్దు, ఉప్పు, చక్కెర వేయొద్దు. చర్మం ఎప్పుడూ ఎర్రగా పగిలి దురద పెట్టే ఎగ్జిమా బాగా ఎక్కువగా ఉన్న పిల్లకు గుడ్డు, పల్లీ మొదలుపెట్టే ముందు డాక్టరును అడగాలి.

ఈ పద్ధతికి డబ్బు పెద్దగా అక్కర్లేదు. కావాల్సింది పక్కన కూర్చుని రెండు గంటలు పిల్లను చూసే మనిషి. మా బిడ్డకు అమ్మ ఉంది, అమ్మకు నా జీతం ఉంది. నాట్లకు పోయే తల్లి బిడ్డకు ఎవరున్నారు? మళ్ళీ ఒక ఎనిమిదేళ్ళ అక్కేనా? 2005 నాటి ఉపాధి హామీ చట్టంలో, ఆరేళ్ళ లోపు పిల్లలు ఐదుగురు ఉన్న పనిచోట వాళ్ళను చూసుకోవడానికి ఒక స్త్రీని పెట్టి ఆమెకు కూలి ఇవ్వాలని రాశారు. అంగన్‌వాడీ కేంద్రాలు పెట్టేటప్పుడు ఎస్సీ, ఎస్టీ వాడలకు ముందు చోటివ్వాలని సుప్రీంకోర్టు 2004లోనే చెప్పింది. కాగితం మీద ఇవన్నీ రాశారు. రాష్ట్రంలో 35,700 అంగన్‌వాడీ కేంద్రాలున్నాయి. వాటిలో ఒకటి మీ వాడలోనో, పక్క వాడలోనో ఉంది.

విద్యార్థి సంఘాల తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు నా విన్నపం. ఈసారి సెలవులకు ఊరికి పోయినప్పుడు అక్కడికి ఒక పూట పోండి. నెలకు 16 గుడ్లు వస్తున్నాయా, ఎంత సైజువి వస్తున్నాయి, పాడైనవి ఎన్ని అని టీచరమ్మను మర్యాదగా అడగండి. ఆమె మీద అరవకండి, ఆమె జీతం తక్కువే. పనికి పోయే తల్లుల పసిపిల్లలు పగలంతా ఎవరి దగ్గర ఉంటున్నారో రాసుకోండి. దగ్గరి ఆరోగ్య కేంద్రంలో అడ్రినలిన్ ఉందా అని అడిగి తెలుసుకోండి. పాలు, గుడ్డు, గోధుమ పడని పిల్ల ఉంటే ఆమె వాటాకు బదులు పప్పో, పల్లీ పట్టీయో ఇవ్వాలని వినతిపత్రం రాయండి. అదే వినతిపత్రంలో మిగతా పిల్లల గుడ్డు మీద ఎవరూ చేయి వేయొద్దని కూడా రాయండి.

మా బిడ్డకు ఇప్పుడు పదకొండో నెల. పల్లీ పొడి కలిపిన జావ తింటుంది, కార్జం చిదిమి పెడితే నోరు తెరుస్తుంది, చేప అంటే ప్రాణం. అంగన్‌వాడీ రిజిస్టర్‌లో ఆమె పేరు పక్కన టీచరమ్మ ఎర్ర పెన్నుతో "గుడ్డు పడదు" అని చిన్నగా రాసుకుంది. ఆ వరుసలో మిగతా పేర్లన్నిటికీ పదహారు పదహారు అని ఉంది. ఆ పదహార్లు పిల్లల నోటికి చేరుతున్నాయో లేదో చూసే పని మనది.

వచ్చే వారం: హాస్టల్ మెస్ మెనూ ఎవరు రాస్తారు?

జై భీమ్.